రెండు జవాబుల లెక్క: ‘ది బ్యాడ్ కిడ్స్’ ముగింపు

తూర్పు ఆసియా డ్రామాలు చూసేవారికి బాగా తెలిసిన కోపం ఒకటుంది. పన్నెండో పదహారో ఎపిసోడ్లు మనసు పెట్టి చూస్తాం. ఆ మనుషులు మన ఇంటివాళ్ళయిపోతారు. చివరికి ఎవరు బతికారో, ఎవరు పోయారో, ఎవరు అబద్ధం చెప్పారో తేల్చకుండానే పేర్లు పడిపోతాయి. ఆ కోపం చాలాసార్లు న్యాయమైనదే. చైనా సిరీస్ ‘ది బ్యాడ్ కిడ్స్’ మీద మాత్రం అది అన్యాయమని నా అభిప్రాయం. తేల్చకుండా వదిలిన ముగింపుల్లో ఇంత శ్రమపడి, ఇంత నిజాయితీగా కట్టినదాన్ని నేను ఇంకొకటి చూడలేదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో తర్వాత చెబుతాను.

ముగింపు గురించే మాట్లాడాలి కాబట్టి ఇక్కడ కథంతా బయటపడుతుంది. ఇంకా చూడనివారు ముందు చూసి రావడం మంచిది.

నేను హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. జవాబు లేని కథంటే నాకు చిరాకు ఉంటుందని చాలామంది అనుకుంటారు. మా తమ్ముడు ఈ సిరీస్ చూసి, అందులోని చిన్న పాప పూపూ గురించి ఫోను చేసి, “అక్కా, ఆ పూపూ బతికిందా లేదా, ఒక్క మాటలో చెప్పు. ఈ దాగుడుమూతలు నాకొద్దు” అన్నాడు. ఒక్క మాటలో చెప్పలేనని అంటే, “లెక్కల టీచరువి అయ్యుండి నువ్వేనా ఇలా అనేది” అన్నాడు. లెక్కల టీచర్ని కాబట్టే అంటున్నాను. వర్గం చేస్తే నాలుగు వచ్చే సంఖ్య ఏది అని అడిగితే రెండు సరైనదే, మైనస్ రెండూ సరైనదే. ఇద్దరి వయసుల మొత్తం నలభై, ఒక్కొక్కరి వయసెంత అని అడిగితే మాత్రం ఆ ప్రశ్న ఇచ్చినవాళ్ళు ఏదో చెప్పడం మరిచిపోయారని అర్థం. మొదటిది రెండు జవాబులున్న లెక్క. రెండోది సగమే ఇచ్చిన లెక్క. డ్రామాల ముగింపులు చూసేటప్పుడు నాకు మొదట తట్టే ప్రశ్న ఇదే: ఇది ఏ రకం? పిల్లలకు చెప్పే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. వచ్చిన జవాబును వెనక్కి తీసుకెళ్ళి లెక్కలో పెట్టి చూడాలి. పాప బతికిందనుకుని మొదటి ఎపిసోడ్ నుంచి చూడండి, పోయిందనుకుని మళ్ళీ చూడండి. రెండుసార్లూ కథ ఎక్కడా తెగకుండా నడిస్తే ఆ రచయిత మనల్ని మోసం చేయలేదు.

‘ది బ్యాడ్ కిడ్స్’ 2020 జూన్‌లో ఐచీయీ అనే చైనా ఆన్‌లైన్ వేదిక మీద వచ్చింది. మొత్తం 12 ఎపిసోడ్లు. దర్శకుడు షిన్ షువాంగ్, మూలం జిజిన్ చెన్ అనే కలం పేరుతో రాసే రచయిత నవల. కథ 2005 వేసవిలో, దక్షిణ చైనాలోని ఒక సముద్రతీర పట్టణంలో జరుగుతుంది. పట్టణం పేరు కల్పితం, చిత్రీకరణ ఎక్కువగా గ్వాంగ్‌దోంగ్ రాష్ట్రంలోని జాన్‌జియాంగ్‌లో చేశారు. ఆ ఉక్కపోత, పాతబడిన మెట్ల దారులు, చేపల గోదాములు కథలో పాత్రల్లాగే పనిచేస్తాయి.

జాంగ్ దోంగ్‌షెంగ్ లెక్కల మాస్టారు. మృదువుగా మాట్లాడతాడు, అందరికీ ఒదిగి ఉంటాడు. భార్య విడాకులు కోరుతోంది. అత్తమామలను కొండ మీదికి విహారానికి తీసుకెళ్తాడు, ఫోటో తీస్తానని అంచున కూర్చోబెడతాడు, తోసేస్తాడు. సిరీస్ మొదలయ్యేదే ఇక్కడ. హంతకుడు ఎవరన్నది మొదటి నిమిషాల్లోనే తెలిసిపోయింది గనుక ఆ ప్రశ్న మనకు ఉండదు. అదే సమయానికి అదే కొండ మీద ముగ్గురు పిల్లలు కెమెరాతో ఆడుకుంటూ ఉంటారు. ఆ దృశ్యం వాళ్ళకు తెలియకుండానే వీడియోలో పడుతుంది. చదువులో ఎప్పుడూ మొదటివాడైన జూ చావ్‌యాంగ్, అనాథాశ్రమం నుంచి పారిపోయి వచ్చిన యెన్ లియాంగ్, పూపూ. పూపూ తమ్ముడి వైద్యానికి 3 లక్షల యువాన్లు కావాలి. హంతకుడి దగ్గర ఆ డబ్బు రాబట్టాలని పిల్లలు నిర్ణయించుకుంటారు.

ఇక్కడినుంచి ఉత్కంఠ కథలకు తెలిసిన దారి ఒకటుంది. సిరీస్ ఆ దారిలో నడుస్తూనే, పక్కనుంచి చావ్‌యాంగ్ ఇంటిని చూపిస్తూ ఉంటుంది. తండ్రి వేరే పెళ్ళి చేసుకున్నాడు, ఆ భార్యకు పుట్టిన కూతురు జింగ్‌జింగ్ అతని ప్రాణం. ఈ కొడుకు అప్పుడప్పుడు గుర్తొచ్చే మనిషి. తల్లి కొడుకును ప్రేమిస్తుంది, ఆ ప్రేమ ఊపిరాడనివ్వదు. బలవంతంగా పాలు తాగించే సన్నివేశం ఒకటుంది. ఎవరూ ఎవరినీ కొట్టరు, అరవరు. చూస్తుంటే మాత్రం గొంతు పట్టేస్తుంది. ఇలాంటి తల్లుల్ని, ఇలాంటి పిల్లల్ని తరగతి గదిలో చూసినదాన్ని నేను. మొదటి బెంచీలో కూర్చుని, ఎప్పుడూ తల ఎత్తని, ఎప్పుడూ మార్కులు తగ్గని పిల్లవాడి గురించి ఏ ఉపాధ్యాయురాలూ దిగులు పడదు. దిగులు పడాల్సింది ఆ పిల్లవాడి గురించేనని ఈ సిరీస్ నాకు గట్టిగా చెప్పింది.

ముగింపుకు తాళంచెవి మధ్యలోనే, ఒక తరగతి గదిలో మన చేతికి ఇస్తారు. జాంగ్ దోంగ్‌షెంగ్ పిల్లలకు ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ ప్రేమకథ చెబుతాడు. స్వీడన్ యువరాణికి చదువు చెప్పడానికి వెళ్ళిన డెకార్ట్ ఆమె ప్రేమలో పడతాడు. రాజు వెళ్ళగొడతాడు. చివరి ఉత్తరంలో ఒక్క సమీకరణం మాత్రమే ఉంటుంది. దాన్ని గ్రాఫు మీద గీస్తే గుండె ఆకారం వస్తుంది. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. ఆ తర్వాత మాస్టారు అసలు సంగతి చెబుతాడు: అలాంటి ప్రేమ ఏదీ లేదు, అతను చలిలో తెల్లవారుజామున పాఠాలు చెప్పి జబ్బుపడి పోయాడు. కట్టుకథ నమ్ముతారో నిజం నమ్ముతారో మీ ఇష్టం అన్నట్టు వదిలేస్తాడు.

చరిత్ర కూడా ఆ రెండో కథ వైపే ఉంది. 1649లో డెకార్ట్ స్టాక్‌హోమ్ వెళ్ళాడు, పిలిచిన క్రిస్టీనా అప్పటికే సింహాసనం మీద ఉన్న రాణి. పాఠం ఉదయం ఐదు గంటలకు. 1650 ఫిబ్రవరిలో న్యుమోనియాతో చనిపోయాడు. గుండె ఆకారపు వక్రానికి కార్డియాయిడ్ అనే పేరు వచ్చింది 1741లో. ఇదంతా నేను పిల్లలకు చెబుతూనే ఉంటాను. అయినా గుండె బొమ్మ గీసిన కథే వాళ్ళకు గుర్తుంటుంది. సిరీస్ బృందానికి ఈ సంగతి బాగా తెలుసు. చివరి ఎపిసోడ్‌లో, పోలీసుల తుపాకులు గురిపెట్టి ఉన్నప్పుడు, ఆ మాస్టారు చావ్‌యాంగ్‌తో అనేది కట్టుకథను నమ్మవచ్చనే. ఆ తర్వాత కాల్పుల్లో చనిపోతాడు. అక్కడినుంచి తెర మీద మనం చూసేదంతా కట్టుకథా, నిజమా?

పైపైన చూస్తే అంతా సర్దుకుంటుంది. చావ్‌యాంగ్ బడికి తిరిగి వస్తాడు, పిల్లలు వరుసల్లో నిలబడి ఉంటారు, జరిగింది చెప్పేస్తాడు. కాని చైనాలో ప్రేక్షకులు ఆ వెలుతురు వెనక ఇంకో కథ ఉందని పట్టుకున్నారు. అందులో పూపూ లేదు. కొందరి లెక్కలో యెన్ లియాంగ్ కూడా లేడు. వాళ్ళు ఆధారం చూపించే పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఊహించుకుని చెప్పలేదు, లోపల ఉన్నవే ఏరి చూపించారు. ముఖ్యమైనది పాట. ‘చిన్న తెల్ల పడవ’ అనే బాలగీతం ఈ సిరీస్‌లో మరణం దగ్గర వినిపిస్తుంది. జింగ్‌జింగ్ కిటికీలోంచి పడిపోయిన చోట వినిపించేది అదే. అసలు ఆ పాట కొరియాది. జపాను పాలనలో ఉన్న కొరియాలో 1924లో యున్ గుక్‌యంగ్ కట్టిన ‘అర్ధచంద్రుడు’. తెరచాప లేదు, తెడ్డు లేదు, పడవ తనంతట తాను పడమరకు పోతుంది. పిల్లలు చప్పట్లు కొడుతూ పాడుకునే పాటే, దాని లోపల మాత్రం ఎవరో వెళ్ళిపోతున్న దిగులు ఉంది. చావు పక్కన బాలగీతం పెట్టడం చాలామంది చేసేదే. ఈ సిరీస్ దాన్ని ఒక గుర్తుగా వాడి, ఆ గుర్తు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది.

ఇక పూపూ ఉత్తరం. ఉబ్బసం ముదిరిన ఆ పాప గొంతు చివర్లో ఒక ఉత్తరంగా వినిపిస్తుంది, నిజం చెప్పేద్దామని చావ్‌యాంగ్‌ను అడుగుతుంది. ఉత్తరం వచ్చింది కాబట్టి పాప క్షేమమేనని మొదటిసారి చూసినవారు స్థిమితపడతారు. రాసినప్పుడు మనిషి బతికి ఉందని చెప్పగలదే గాని, చదివే వేళకు ఉందని ఏ ఉత్తరమూ చెప్పలేదు. ఆ తేడాను ఎత్తి చూపకుండా మన ముందు పెట్టి ఊరుకున్నారు. రెండు జవాబులూ ఆ ఉత్తరంలో సమానంగా ఇముడుతాయి.

నాకు అన్నిటికంటే బలంగా అనిపించిన ఆధారం మాత్రం పాటలోనూ లేదు, ఉత్తరంలోనూ లేదు. టేపు రికార్డరు సన్నివేశంలో ఉంది. కూతురు చనిపోయాక, చావ్‌యాంగ్‌కు దానితో సంబంధం ఉందేమోనన్న అనుమానంతో తండ్రి వాడిని బయటికి తీసుకెళ్ళి, ఏదో తినిపిస్తూ, సంచిలో రికార్డరు పెట్టుకుని మాట్లాడిస్తాడు. పిల్లవాడు దాన్ని చూస్తాడు. ముఖంలో ఏమీ మారదు. ఆ తర్వాత తండ్రితో మాట్లాడే ప్రతి మాటా ఆ యంత్రం కోసం మాట్లాడే మాటే, అయినా అందులో ప్రేమ ఉంది, దుఃఖం ఉంది. రెండూ నిజమే కావచ్చు. తండ్రి కరిగిపోతాడు. చావ్‌యాంగ్‌గా వేసిన రోంగ్ జిషాన్ వయసుకు ఆ నటన నమ్మశక్యం కాదు. తనను ఎవరో వింటున్నారని తెలిసి మాట్లాడడం ఆ రోజు నేర్చుకున్నాడు. అలా నేర్చినవాడి చివరి నిజాన్ని మనం ఎంతవరకు నమ్మాలి? చెల్లెలు కిటికీ అంచున వేలాడుతుంటే చూస్తూ నిలబడ్డాడన్న సంగతి సిరీస్ ఎంతో ఆలస్యంగా బయటపెడుతుంది. అంతవరకు మనమూ ఆ తండ్రిలాగే వాడి మాట వింటూ వచ్చాం.

చైనాలో తెర మీద నేరకథ ఎలా ముగియాలన్నదానికి కట్టుబాట్లు ఉన్నాయని అందరికీ తెలిసిందే. నేరం దాగకూడదు, శిక్ష పడాలి. నవల ఇంతకంటే చాలా చీకటిది. అందులో పిల్లవాడు తన డైరీని ముందే ఆలోచించి, పోలీసులు చదవాలనే రాస్తాడు. యెన్ లియాంగ్ అనేది అక్కడ ఒక గణిత ఆచార్యుడి పేరు. ఆయనకు విషయం అర్థమవుతుంది, ఫోను చేతిలో పట్టుకుని పోలీసులకు చెప్పాలా వద్దా అన్న చోట పుస్తకం ఆగిపోతుంది. దాన్ని యథాతథంగా తెరకెక్కించడం అయ్యే పని కాదు. తెలివి తక్కువ బృందమైతే చివర్లో ఒక మంచి మాట అతికించి చేతులు దులుపుకొనేది. వీళ్ళు ఆ నిర్బంధాన్నే కథగా మార్చుకున్నారు. అందరికీ నచ్చే ముగింపు కావాలా, ఇదిగో కట్టుకథ. నిజం కావాలా, మాస్టారు తరగతిలో చెప్పినట్టు వెతుక్కోండి. నవలలో డైరీ చేసిన పనిని సిరీస్‌లో రికార్డరు చేసింది. నవలను మార్చిన తీరులో ఇంత ఆలోచన కనిపించినప్పుడు నాకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

ఇలాంటిదే అయినా పూర్తిగా వేరే గొంతు ఉన్నది జపాను డ్రామా ‘క్వార్టెట్’. 2017లో టీబీఎస్ ఛానల్‌లో 10 ఎపిసోడ్లుగా వచ్చింది, రచన సకమోతో యూజీ. చలికాలం, కరుయిజావా అనే కొండ ప్రాంతం, ఒక విడిది ఇల్లు, తంత్రీవాద్యాలు వాయించే నలుగురు. అందరూ ముప్ఫైల్లో ఉన్నారు, ఎవరూ పెద్ద కళాకారులు కారు, అందరూ ఏదో దాచారు. మొదటి ఎపిసోడ్‌లోనే వేయించిన కోడి ముక్కల మీద నిమ్మరసం పిండడం గురించి వాదన. అడగకుండా పిండేశారని ఒకడు బాధపడతాడు, పిండాక ఇక వెనక్కి తీసుకోలేమంటాడు. నవ్వు వచ్చే ఆ మాటే తర్వాత ఒక పెళ్ళి ఎలా విరిగిందో చెప్పడానికి పనికొస్తుంది. భర్తకు నిమ్మరసం ఇష్టం లేదు, ఆ సంగతి భార్యకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ భార్యే మాకీ, మొదటి వయొలిన్. ఆమె అసలు మాకీ కాదని, వేరొకరి పేరున ఉన్న ప్రభుత్వ కుటుంబ నమోదును కొనుక్కుని బతుకుతోందని చివరికి దగ్గర్లో తెలుస్తుంది. చిన్నతనంలో సవతి తండ్రి చావు వెనుక ఆమె చెయ్యి ఉందా? సిరీస్ చెప్పదు. నమోదు నేరానికి శిక్ష పడుతుంది, హత్య రుజువు కాదు, పత్రికలు ఊరుకోవు. చివరి కచేరీకి జనం సంగీతం కోసం రాలేదు, ఆమెను చూడడానికి వచ్చారు. ఆమె మొదట వాయించడానికి ఎంచుకున్నది సంగీతకర్త షూబర్ట్ ‘డెత్ అండ్ ది మెయిడెన్’. 1824 నాటి ఆ రచనకు వెనుక ఉన్న పాటలో మృత్యువును దాటిపొమ్మని ఒక అమ్మాయి వేడుకుంటుంది. ఈ రచనే ఎందుకని బృందంలో చెల్లో వాయించే సుజుమే అడిగితే మాకీ సూటిగా చెప్పదు. ఒప్పుకోలా అది? ధిక్కారమా? నచ్చిన సంగీతమేనా? సుజుమేకు కూడా తెలియదు, తెలుసుకోవాలని పట్టుబట్టదు. మొదట మాకీ మీద నిఘా పెట్టడానికి డబ్బు తీసుకుని వచ్చిన మనిషి ఈ సుజుమే. అందుకే ఆమె మౌనానికి అంత విలువ. ‘క్వార్టెట్’ ముగింపులో ప్రశ్న తెరిచే ఉంటుంది, స్నేహం మాత్రం తేలిపోతుంది. నాకు ఆ పద్ధతి మీద గొప్ప గౌరవం. తేల్చకుండా ఉంచే హక్కు రావాలంటే పక్కన ఇంకేదో తేల్చి ఇవ్వాలి.

సగమే ఇచ్చిన లెక్కకు ఉదాహరణ చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది కొరియా డ్రామా ‘మెమరీస్ ఆఫ్ ది అల్‌హంబ్రా’. 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా టీవీఎన్ ఛానల్‌లో 16 ఎపిసోడ్లు. రచయిత్రి సాంగ్ జేజంగ్. స్పెయిన్‌లోని గ్రనాడా వీధుల్లో, కళ్ళకు పెట్టుకున్న లెన్సుల ద్వారా ఆడే ఆట, ఆటలో చచ్చిన మనిషి నిజంగానే చావడం, చచ్చినవాడు మళ్ళీ కత్తి పట్టుకుని వెంటపడడం. మొదటి సగం నన్ను కట్టిపడేసింది, ఆ వర్షం శబ్దం, గిటారు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. చివర్లో ఆటను శుభ్రం చేసినప్పుడు నాయకుడు జిన్‌వూ కూడా ఒక దోషంగా చెరిగిపోతాడు. ఏడాది తర్వాత ఆటలో ఎక్కడో పేరు లేని ఆటగాడు కనిపిస్తున్నాడని వార్త, ఒక నీడ, అంతే. అతను బతికే ఉన్నాడని ఆశ పెట్టుకోవడానికి ఒక ఆధారం ఇచ్చారు: ఆటను తయారుచేసిన కుర్రాడు అలాగే లోపల దాక్కుని తిరిగి వచ్చాడు. కాని రక్తమాంసాల మనిషి లెన్సులో కనిపించే ఆటలోకి ఎలా మాయమవుతాడు? ఆ నియమం ఎక్కడా చెప్పలేదు. బతికాడన్న జవాబును వెనక్కి తీసుకెళ్ళి పెట్టడానికి లెక్కలో చోటే లేదు, చనిపోయాడన్న జవాబుకూ లేదు. హ్యూన్ బిన్ ఎంత ప్రాణం పెట్టి నటించినా ఆ లోటు పూడలేదు.

అంతకంటే పాత దెబ్బ 2004లో వచ్చిన ‘లవర్స్ ఇన్ పారిస్’. ఇరవై ఎపిసోడ్ల ప్రేమకథ చివరికి నాయిక రాసుకున్న స్క్రిప్టు అని తేల్చారు. కొరియా ప్రేక్షకులు భగ్గుమన్నారు. వాళ్ళు కథ అర్థంకాక కోప్పడ్డారని నేను అనుకోను. అంతకు ముందు ఏ సన్నివేశమూ అలాంటి సంగతికి సిద్ధం చేయలేదు.

కొరియా డ్రామా ‘సిగ్నల్’ గురించి ఎక్కువ చెప్పను. 2016, కిమ్ ఉన్‌హీ రచన, రాత్రి 11 గంటల 23 నిమిషాలకు పలికే వాకీటాకీ, గతంలో ఉన్న డిటెక్టివ్‌తో వర్తమానంలోని పోలీసు మాట్లాడడం. ముగింపులో ఆ ఇద్దరూ కలుస్తారో లేదో చూపించరు. దారి చూపిస్తారు, ఆసుపత్రి గదిలో ఒక ముఖం చూపిస్తారు. ఆ కథలో ఒక కేసుకు ప్రేరణ 1986 నుంచి 1991 దాకా దక్షిణ కొరియాలోని హ్వాసంగ్‌లో జరిగిన వరుస హత్యలు. డ్రామా వచ్చిన మూడేళ్ళకు, 2019లో, డీఎన్‌ఏ ద్వారా అసలు హంతకుడు దొరికాడు. అప్పటికే వేరే హత్యకు జీవితఖైదు అనుభవిస్తున్నాడు. ఆ హత్యలకు శిక్ష వేసే గడువు చట్టప్రకారం దాటిపోయింది. వదిలిపెట్టకుండా వెతకాలన్న ఆ డ్రామా మొండితనం అది తెలిశాక నాకు ఇంకా ఎక్కువ నచ్చింది.

‘ది బ్యాడ్ కిడ్స్’ చూసే పద్ధతి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను చూసిన యాప్‌లో ఎపిసోడ్ ముగియగానే తెర మూలకు కుంచించుకుపోయి, తర్వాతిది దానంతట అదే మొదలయ్యేది. ఈ సిరీస్‌కు అది చాలా నష్టం. ప్రతి ఎపిసోడ్ చివర వేరే పాట వస్తుంది, చూసినదాన్ని ఆ పాట ఒక పక్కకు వంచుతుంది. పేర్లు పడడం పూర్తయ్యేదాకా ఉండండి. తనంతట తాను నడిచే ఆ ఏర్పాటును సెట్టింగుల్లో ఆపివేయండి. ఒకటి కంటే ఎక్కువ వేగంతో చూడకండి. జాంగ్ దోంగ్‌షెంగ్‌గా చిన్ హావ్ నటనంతా ఆలస్యంలో ఉంది. అడిగిన ప్రశ్నకు అతను జవాబు చెప్పే ముందు వచ్చే ఆ చిన్న ఖాళీలో ఒక హత్య ఆలోచన పుట్టి చచ్చిపోవడం కనిపిస్తుంది. వేగం పెంచితే అది మామూలు తడబాటు అయిపోతుంది.

వీలైతే రెండోసారి చూడండి, అదీ వేరొకరితో కలిసి. మీరు ఒక జవాబు పట్టుకోండి, పక్కన ఉన్నవారిని రెండోది పట్టుకోమనండి. కిటికీ, పడవ, రికార్డరు వచ్చినప్పుడు ఆపి మాట్లాడుకోండి. మొదటిసారి చూసినప్పుడు నాకు మామూలుగా అనిపించిన చివరి బడి ఆవరణ దృశ్యం, ఆ అతి శుభ్రత, వరుసలు, ఎండ, రెండోసారి వేరుగా కనిపించాయి. ఇన్ని చావులు చూసిన కథలో అంత ఎండ ఎక్కడిది?

ఇక తగ్గించిన అర మార్కు. జింగ్‌జింగ్ తల్లి తరఫు సోదరుడి పాత్ర, అతని ముఠా వ్యవహారం వేరే సినిమాలోంచి వచ్చి పడినట్టుంటుంది. పిల్లల చేతిలో చిక్కుకున్న ఇల్లు, బడి, కొండ చాలు ఈ కథకు. గూండాలు రాగానే ఒక ఎపిసోడ్ మేరకు భయం మామూలు భయంగా మారుతుంది. జాంగ్ భార్య షూ జింగ్‌కు కూడా అన్యాయం జరిగింది. ఆమె భయాన్ని ఇంకొంచెం దగ్గరగా చూపించి ఉంటే, ఇంట్లో నవ్వుతూ వడ్డించే మనిషి పక్కన పడుకోవడం ఎలా ఉంటుందో తెలిసేది. పిల్లలకు చూపించవచ్చా అని అడిగేవారికి: హైస్కూలు వయసు దాటాక, పెద్దవాళ్ళు పక్కన ఉండి. రక్తం తక్కువే. కాని తల్లిదండ్రుల గురించి చెప్పే విషయాలు బరువైనవి.

నా జవాబు ఏమిటో చెప్పకుండా తప్పించుకోను. పూపూ చనిపోయిందనే అనుకుంటున్నాను. పాట అక్కడ అబద్ధం చెప్పదని నా నమ్మకం. యెన్ లియాంగ్ బతికాడనుకుంటున్నాను, ఎందుకంటే ఈ కథలో ఒక పెద్దమనిషి, ముసలి పోలీసు చెన్, ఏ లాభం చూసుకోకుండా ఒక పిల్లవాడిని దగ్గరకు తీశాడు. కట్టుకథ అల్లేవాడికి అంత సాదా మనిషి తట్టడు. చావ్‌యాంగ్ నిజం చెప్పాడా అన్నది మాత్రం రెండు విధాలా పెట్టి చూశాను, రెండూ నిలుస్తున్నాయి. పూపూ బతికే ఉందని అనేవారు ‘చిన్న తెల్ల పడవ’ వినిపించిన చోట్లన్నీ వరుసగా మళ్ళీ చూసి, ఆ పాట వచ్చాక కూడా ఎవరు ప్రాణాలతో మిగిలారో నాకు చెప్పండి.